ఖాతూన్ బీ ఏడుగురు పిల్లలు

ఆ శనివారం ఉదయం ప్రేమకుమారి పెట్టుకున్న పని చాలా సాదాది. కాలేజీ కారులో గుంటూరు వెళ్ళాలి. హైదరాబాద్ రైలు దిగే శాస్త్రవేత్తను ఎక్కించుకోవాలి. ఒంటిగంటకల్లా నరసరావుపేట తీసుకొచ్చి తన ల్యాబ్ చూపించాలి. దారిలో ఆవిడకు కొబ్బరినీళ్ళు ఇప్పించాలని కూడా అనుకుంది. అంతకుమించి ఆ రోజుతో ఆమెకు పేచీ ఏమీ లేదు.

ల్యాబ్ అంటే డిగ్రీ కాలేజీ వెనక, సైకిల్ స్టాండును ఆనుకుని ఉన్న ఒంటరి గది. ఇనుప గడ్డర్ల మీద నాపరాళ్ళు పరిచిన పాతకాలపు కప్పు. అందులో ఆమె మూడేళ్ళుగా పొగాకు కణాలను గాజు సీసాల్లో పెంచుతోంది. మొక్కలు కాదు, ఆకులు కాదు, ఒట్టి కణాలు. చక్కెర, లవణాలు కలిపిన నీళ్ళలో అవి రవ్వ జావలాగా చిక్కబడతాయి. సాలెపురుగు దారాన్ని తయారు చేయించే జన్యువును ఆ కణాల్లోకి చొప్పించడంతో, పొగాకు కణం తన పని తాను చేసుకుంటూనే పట్టు ప్రోటీన్‌ను కూడా తయారు చేస్తుంది. దాన్ని వడగట్టి, శుద్ధి చేసి, ఉల్లిపొరలా ఆరబెడితే కాలిన గాయాల మీద వేసే పట్టీ అవుతుంది. చర్మానికి అతుక్కోదు, ఊడదీసేటప్పుడు నొప్పి ఉండదు. మూడేళ్ళ శ్రమకు ఇప్పటికి గోరంత పొర వచ్చింది.

ఆ సీసాలను చూసుకునేది ఇద్దరే. ఒకరు ప్రేమకుమారి, రెండోవారు అటెండర్ ఖాతూన్ బీ. ఖాతూన్ బీకి యాభై నాలుగేళ్ళు. ప్రతి సోమవారం పాత సీసాలోంచి చెంచాడు జావ తీసి కొత్త సీసాల్లో వేస్తారు. పాతదాన్ని తల్లి అనీ, కొత్తవాటిని పిల్లలనీ పిలవడం ఇలాంటి ల్యాబుల్లో మామూలే. ఖాతూన్ బీ మాత్రం పిలవడం దగ్గర ఆగలేదు. పొద్దున్నే తాళం తీస్తూ "పిల్లలు ఎట్టా ఉన్నారో" అనుకునేది. ఏసీ ఎక్కువైతే "పిల్లలకు జలుబు చేసిద్దమ్మా, కాస్త తగ్గించండి" అనేది. మొదట్లో నవ్విన ప్రేమకుమారికి కూడా ఆ మాటే అలవాటైపోయింది.

సాదా పనికి అడ్డం పడింది కరెంటు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలని ఆ రోజు పది నుంచి నాలుగు దాకా కాలేజీకి సరఫరా ఆపేస్తున్నారు. సీసాలు ఆగకుండా ఊగుతూ ఉండాలి. ఊగకపోతే కణాలు అడుగుకు దిగి, గాలి అందక చచ్చిపోతాయి. అందుకే వాటిని ఒక యంత్రం పగలూ రాత్రీ ఊపుతూ ఉంటుంది. విడిగా దాచిన కణాలు పోయిన నెలలో బూజుపట్టి పోయాయి. ఇక లోకంలో ఉన్నవి ఆ ఏడు సీసాలే.

"ఇన్వర్టర్ ఉంది అక్కా, ఆరు గంటలు లాగుతుంది," అంది ప్రేమకుమారి బయల్దేరుతూ. "ఊగడం మాత్రం ఆగకూడదు. వెలుతురు తగలకూడదు. ఎవరినీ లోపలికి రానీయొద్దు, దుమ్ము పడుతుంది. ఆ పెద్ద మేడమ్ వచ్చి ఏదైనా అడిగితే, భయపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పు. ప్రాజెక్టు ఉండాలో పోవాలో చెప్పేది ఆవిడే."

"నాకెందుకు భయం? అన్నీ నోటికొచ్చు," అంది ఖాతూన్ బీ.

ఇన్వర్టర్ ఆరు గంటలు లాగలేదు. పదింటికి కరెంటు పోయింది, పదీ నలభైకి ఇన్వర్టర్ ఒక కూత కూసి ఆగిపోయింది. బ్యాటరీలో నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు. ఊపే యంత్రం నిలిచిపోయింది. ఖాతూన్ బీ చూస్తుండగానే సీసాల్లో జావ అడుగుకు దిగి, పైన తేట నీళ్ళు తేలాయి. ఆమె ఫోను అందుకుంది. ప్రేమకుమారి కారు అప్పటికి ఫిరంగిపురం దాటుతోంది. మాట సగం వినిపిస్తోంది, సగం లేదు.

సరిగ్గా అప్పుడే క్యాంటీన్ పుల్లమ్మ ఆఫీసుకు టీ తీసుకెళ్తూ ల్యాబ్ గోడ పక్కన నీడలో ఆగింది. ఆమెకు వినిపించింది ఇది:

"అమ్మా, పిల్లలు కదలటం లేదు! అడుగుకి పోతున్నారు... ఊపిరాడకపోతే చచ్చిపోతారు గదమ్మా... ఏందీ? చేత్తో ఊపాలా? ఏడుగుర్నీనా?... సరే, ఉయ్యాల కడతా. ఎవర్నీ రానియ్యను. మీరు తొరగా రండి."

పుల్లమ్మ టీ సంగతి మరిచిపోయి కిటికీ వైపు జరిగింది.

లోపల ఖాతూన్ బీ ఆలస్యం చేయలేదు. కూరగాయల ప్లాస్టిక్ బుట్టలో గుడ్డలు కుక్కి, ఏడు సీసాలనూ నిటారుగా నిలబెట్టింది. దూది మూతలు తడవకూడదు మరి. పెద్ద కాటన్ దుప్పటి రెండు కొసలూ గడ్డరుకు కట్టి, బుట్టను అందులో పెట్టి, మెల్లగా తిప్పుతున్నట్టు ఊపడం మొదలుపెట్టింది. జావ మళ్ళీ కలిసింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. ఏప్రిల్ ఎండకు గది వేడెక్కుతోందని కిటికీలకు తడిగుడ్డలు కట్టింది. ఇంటి నిండా మనవళ్ళను ఊపిన చెయ్యి కావడంతో, నోట్లోంచి దానంతటదే ఒక జోల కూనిరాగం వచ్చింది.

పుల్లమ్మ కిటికీ సందులోంచి చూసింది. చీకటి గది. తడిగుడ్డలు. ఊగుతున్న ఉయ్యాల.

"అక్కా, లోపల ఎవరే?"

"ఎవరేంది, మా పిల్లలే. తలుపు నెట్టొద్దు పుల్లమ్మా, దుమ్ము పడిద్ది."

"ఎవరి పిల్లలు?"

"ఇంకెవరి పిల్లలు? ప్రేమకుమారి మేడమ్ పిల్లలు. నేను సాకుతున్నా."

ప్రేమకుమారికి పెళ్ళి కాలేదన్న సంగతి కాలేజీలో అందరికీ తెలుసు. పుల్లమ్మ చల్లారిన టీ పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తింది.

ప్రిన్సిపాల్ ప్రభాకరరావు మాచర్ల నుంచి బదిలీ మీద వచ్చి మూడు నెలలైంది. ఆయనది కామర్స్. ల్యాబ్ కాగితాల మీద పట్టు అన్న మాట చూసి, అక్కడ పట్టుపురుగులను పెంచుతున్నారనుకుని సంతకాలు పెడుతూ వస్తున్నాడు. పుల్లమ్మ వెళ్ళేసరికి ఆయన శాస్త్రవేత్త కోసం తెప్పించిన శాలువాను మడత నలగకుండా కుర్చీ మీద సర్దుతున్నాడు.

"సార్, ల్యాబులో పసిపిల్లలున్నారు. తలుపేసి పెట్టింది ఖాతూన్ అక్క."

"ఇంట్లో ఎవరూ లేరేమో, మనవళ్ళను వెంట తెచ్చుకుని ఉంటుంది. హైదరాబాద్ మేడమ్ వచ్చి వెళ్ళాక మాట్లాడదాం," అన్నాడు ఆయన నెమ్మదిగా.

ఊపిరాడని పిల్లలు హైదరాబాద్ మేడమ్ వచ్చి వెళ్ళేదాకా ఆగుతారా? పుల్లమ్మ క్యాంటీన్‌లోకి పోయి, గోడకు అంటించిన కాగితం మీద పిల్లల సంరక్షణ ఆఫీసు నంబరు చూసి ఫోను చేసింది.

ముప్పావు గంటలో ఆఫీసు జీపు వచ్చి ఆగింది. అందులోంచి రంగనాయకమ్మ దిగింది. సంరక్షణ విభాగంలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి. గట్టిగా మాట్లాడదు, తొందరపడదు. ఒక చేతిలో ఫైలు, రెండో చేతిలో ఏడు పాలసీసాలున్న సంచి. జీపు చప్పుడు వినగానే ప్రభాకరరావు, హైదరాబాద్ మేడమ్ ముందే వచ్చేసిందనుకుని, మెట్లు దిగి ఎదురొచ్చి, ఆమెకు మాట్లాడే సందివ్వకుండా శాలువా కప్పేశాడు.

"ప్రయాణం బాగా జరిగిందా మేడమ్? మీకోసమే ఎదురుచూస్తున్నాం."

"ఎదురుచూస్తున్నారా?" అంది రంగనాయకమ్మ భుజం మీద శాలువాను చూసుకుని. "శాలువా కప్పితే చూడకుండా పోతానని అనుకుంటున్నారేమో. నేను పిల్లల్ని చూడాలి. ముందు ల్యాబ్ ఎక్కడో చూపించండి."

వచ్చీ రాగానే పని గురించి అడిగే మనుషులంటే ప్రభాకరరావుకు గౌరవం. మిగతా మాటలు ఆయన చెవికెక్కలేదు. ముందు నడిచాడు. పుల్లమ్మ వెనక నడిచింది. ఆమె వెనక క్యాంటీన్‌లో ఉన్నవాళ్ళు పదిమంది.

"ఖాతూన్ బీ! హైదరాబాద్ మేడమ్ వచ్చారు. అడిగినవాటికి జవాబు చెప్పు," అన్నాడు ప్రభాకరరావు తలుపు తట్టి.

తాను హైదరాబాద్ మేడమ్ ఎప్పుడయిందో రంగనాయకమ్మకు అర్థం కాలేదు. లోపల పిల్లలుండగా ఊరి పేరు గురించి వాదన దేనికని ఊరుకుంది. తలుపు దగ్గరగా వంగింది.

"లోపల ఎంతమంది పిల్లలమ్మా?"

"ఏడుగురు మేడమ్!" పాఠం అప్పజెప్పే గొంతుతో జవాబు వచ్చింది.

"వయసెంత?"

"అందరిదీ ఒకటే. ఐదు రోజులు."

"ఏడుగురూ ఒక్క తల్లికేనా?"

"ఒక్క తల్లే. సోమవారం పొద్దున విడదీశాం."

వెనక ఎవరో "ఓరి దేవుడా" అన్నారు. రంగనాయకమ్మ ఫైలు తెరిచి రాసుకుంటోంది.

"తల్లి ఎక్కడుంది?"

"విడదీసినాక తల్లితో పనేముంది మేడమ్? పెద్ద కుక్కర్లో పెట్టి ఇరవై నిమిషాలు ఉడకబెట్టి పారబోశాం. ఊరికే బయట పారేస్తే రూల్సు ఒప్పుకోవు గదా."

రంగనాయకమ్మ కలం ఆగింది. ప్రభాకరరావు గోడకు ఆనుకున్నాడు.

"పిల్లలకు తిండి ఏం పెడుతున్నారు?" ఇరవై ఏళ్ళ అనుభవం వల్ల ఆమె గొంతు మారలేదు.

"చక్కెర నీళ్ళు. కాసిని ఉప్పులు. సోమవారం సోమవారం."

"వారానికొకసారా? మధ్యలో?"

"మధ్యలో ఏమీ పెట్టకూడదు మేడమ్. పెడితేనే పోతారు."

"ఇప్పటిదాకా ఎవరైనా... పోయారా?"

ఖాతూన్ బీ కొంచెం తగ్గిన గొంతుతో చెప్పింది. "అబద్ధం చెప్పను మేడమ్. మొదటి ఏడాది చానామంది పోయారు. నాకు చేతగాక. ఇప్పుడు చెయ్యి తిరిగింది."

రంగనాయకమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది. "ఇదంతా మీకు తెలిసే జరుగుతోందా?"

"నేను కామర్స్ అండీ," అన్నాడు ప్రభాకరరావు.

పోలీసుల్ని పిలవాలని గుంపులో ఒకరు, తలుపు పగలగొట్టాలని ఒకరు అన్నారు. రంగనాయకమ్మ చెయ్యెత్తి అందరినీ ఆపింది. ముందు పిల్లలు, మిగతాది తర్వాత. "తలుపు తీయి తల్లీ. నేను కళ్ళారా చూడాలి."

"చూద్దురు గానీ మేడమ్. మీరొక్కరే రావాలి. చెప్పులు బయట విడవాలి. గుమ్మం దగ్గర బల్ల మీద స్పిరిటుంది, చేతులు తుడుచుకోండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి."

రంగనాయకమ్మ అవన్నీ చేసింది. తలుపు జానెడు తెరుచుకుని, ఆమెను లోపలికి తీసుకుని, మళ్ళీ మూసుకుంది. బయట పుల్లమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

లోపల చీకటికి కళ్ళు అలవాటు పడటానికి కాస్త సమయం పట్టింది. ఉయ్యాల ఊగుతోంది. ఊపుతున్న ఖాతూన్ బీ ముఖమంతా చెమట. రంగనాయకమ్మ గుండె చిక్కబట్టుకుని దుప్పటి అంచు పక్కకు తీసింది. గుడ్డల మధ్య ఏడు గాజు సీసాలు. నెత్తిన దూది మూతలు. లోపల లేత పసుపు రంగు జావ.

ఆమె వాటిని లెక్కపెట్టింది. బుట్ట కింద చూసింది. బల్ల కింద చూసింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"పిల్లలంటే ఇవేనా?"

"ఇవే మేడమ్. రంగు నల్లబడితే పోయినట్టు. చూడండి, ఏడుగురూ పసుప్పచ్చగానే ఉన్నారు. దుప్పటి తియ్యకండి, వెలుగు పడుతోంది."

రంగనాయకమ్మ కుర్చీ కోసం చూసి, ఎక్కడా దొరక్క చివరికి నేల మీదే కూర్చుంది. ఎన్నో ఇళ్ళలోకి ఇలాగే వెళ్ళింది. తలుపు వెనక ఏముంటుందోనని భయపడిన ప్రతిసారీ, అనుకున్నంతకన్నా దారుణమే కనిపించేది. ఇంత తక్కువ కనిపించడం ఇదే మొదటిసారి. నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఒళ్ళంతా నీరసం వచ్చింది.

"అమ్మా, నేను హైదరాబాద్ మేడమ్‌ని కాదు," అంది. "పిల్లల్ని కాపాడే ఆఫీసు నుంచి వచ్చా."

"అయితే సమయానికే వచ్చారు," అంది ఖాతూన్ బీ. "గంటన్నర నుంచి ఊపుతున్నా. భుజాలు పడిపోతున్నై. కాస్త మీరు పట్టుకోండి."

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అంత సూటిగా సాయం అడిగినవాళ్ళు రంగనాయకమ్మకు తగల్లేదు. లేచి దుప్పటి పట్టుకుంది. సందుల్లోంచి వెలుతురు పడుతోందని శాలువా తీసి బుట్ట మీద కప్పింది. తలుపు వైపు తిరిగి, "పిల్లలకు ఏమీ కాలేదు, ఎవరూ లోపలికి రావద్దు" అని కేకేసింది.

"ఈ జావ కోసం ఇంత పాటెందుకమ్మా?"

ఖాతూన్ బీ నేల మీద కూలబడి భుజం రుద్దుకుంది. "మా ఆయన అలీ సాహెబ్ పిడుగురాళ్ళలో సున్నం బట్టీలో చేసేవాడు మేడమ్. ఒకరోజు నీళ్ళు పోస్తుంటే సున్నం ఎగజిమ్మి చెయ్యి భుజం దాకా కాలిపోయింది. కాలడం ఒక్కసారే. కట్టు మార్చడం రోజూ. గాజుగుడ్డ లాగితే కొత్తగా వచ్చిన చర్మం కూడా దాంతో ఊడొచ్చేది. నేనే పట్టుకునేదాన్ని కదలకుండా. రెండు నెలలు. ఇప్పుడు బాగానే ఉన్నాడు గానీ, తెల్లగుడ్డ చూస్తే చెయ్యి వెనక్కి దాచుకుంటాడు." సీసాల వైపు చూసింది. "వీళ్ళు చేసే పొర అంటుకోదంట. మేడమ్ చెప్పింది. నాకు చదువు లేదు, నేను చెయ్యగలిగింది చూసుకోవటమే."

రంగనాయకమ్మ ఊపు తగ్గనివ్వలేదు.

ఒంటిగంటా ఇరవైకి ప్రేమకుమారి కారు వచ్చేసరికి ల్యాబ్ ముందు యాభై మంది ఉన్నారు. తల నెరిసిన శాస్త్రవేత్త కారు దిగి, ఇంతమందికి తన రాక ఎలా తెలిసిందా అని చూసింది. పుల్లమ్మ గుంపును చీల్చుకుని వచ్చి ప్రేమకుమారి చెయ్యి పట్టుకుంది.

"తల్లిని కుక్కర్లో ఉడకబెట్టటానికి మీకు మనసెట్టా ఒప్పింది మేడమ్?"

ప్రేమకుమారి మనసంతా ఆగిపోయిన యంత్రం మీదే ఉంది. "అది రూలు పుల్లమ్మా," అని చెయ్యి విడిపించుకుని నడిచింది.

"ఉడకబెట్టి తీరాలి," అంది వెనక వస్తున్న శాస్త్రవేత్త కూడా, మంచి ప్రశ్న అడిగినందుకు మెచ్చుకోలుగా. "లేకపోతే మట్టిలోకి, కాలవల్లోకి పోతాయి."

పుల్లమ్మ అక్కడే నేల మీద చతికిలబడింది.

లోపల ఉయ్యాలకు ఒకవైపు ఖాతూన్ బీ, మరోవైపు ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఎవరో కొత్తావిడ. ప్రేమకుమారి కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి. సీసాలు ఊగుతున్నాయి, సరే. బతికే ఉన్నాయా?

శాస్త్రవేత్త ఎవరినీ ఏమీ అడగలేదు. ఒక సీసాలోంచి చుక్క తీసి గాజుపలక మీద వేసి, పక్కన నీలం రంగు చుక్క కలిపింది. కరెంటు లేదు కాబట్టి సూక్ష్మదర్శినిని గుమ్మం బయటికి తెప్పించి, అద్దాన్ని వెలుతురు వైపు తిప్పుకుంది.

"చచ్చిన కణం నీలంగా మారుతుంది," అని ప్రేమకుమారి రంగనాయకమ్మకు గుసగుసగా చెప్పింది, ఆవిడ ఎవరో తెలియకపోయినా. ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చెప్పకపోతే ఆ క్షణం గడిచేలా లేదు.

శాస్త్రవేత్త లెక్కపెడుతోంది. పలక జరిపి మళ్ళీ లెక్కపెట్టింది. ఇంకో సీసా. ఇంకోటి. ఏడూ అయ్యాక కళ్ళజోడు తుడుచుకుంది.

"నూటికి తొంభైకి పైగా బతికే ఉన్నాయి."

ఖాతూన్ బీ రెండు చేతులూ ముఖానికి కప్పుకుంది. శాస్త్రవేత్త బ్యాగులోంచి ఒక కాగితం తీసింది.

"నిజం చెప్పాలంటే, నేను ముందే రాసుకుని వచ్చాను. ఇక్కడ కరెంటుకు నమ్మకం లేదు, సున్నితమైన పని సాగదు, ఎత్తేద్దామని." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మళ్ళీ బ్యాగులో వేసుకుంది. "ఇప్పుడు వేరేది రాయాలి. ఇంకో రెండేళ్ళు చేయండి. బ్యాటరీలో నీళ్ళు పోయమని కూడా అందులో రాస్తాను."

నాలుగింటికి కరెంటు వచ్చింది, యంత్రం మళ్ళీ ఊపడం మొదలుపెట్టింది. ప్రిన్సిపాల్ గదిలో అందరూ టీ తాగుతున్నారు. పుల్లమ్మకు జరిగింది మూడుసార్లు చెప్పాక అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా ఎక్కువ భయపడింది. ఫిర్యాదు చేసింది తానే గదా.

రంగనాయకమ్మ ఫోనులో ఆ ఫిర్యాదును మూసేయాలని చూస్తోంది. అందులో దారులు రెండే ఉన్నాయి. పిల్లలు లేరని కొడితే అది తప్పుడు ఫిర్యాదు కిందకు పోతుంది, చేసినవాళ్ళకు నోటీసు వెళ్తుంది. ఉన్నారని కొడితే వివరాలన్నీ నింపాలి. ఒక్కటి ఖాళీ వదిలినా ముందుకు పోదు.

"మంచి మనసుతో చేసిన ఫోనది. ఈ మనిషికి నోటీసు పంపలేను," అంది రంగనాయకమ్మ. "నింపేద్దాం. పిల్లలు ఏడుగురు. వయసు ఐదు రోజులు. తల్లి పేరు?"

"పొగాకు," అంది ప్రేమకుమారి.

"తండ్రి?"

అందరూ శాస్త్రవేత్త వైపు చూశారు. ఆవిడ కాస్త ఆలోచించింది. "జన్యువు వచ్చినచోటు కాబట్టి... సాలెపురుగు అని రాయవచ్చు."

"సంరక్షకురాలు ఖాతూన్ బీ. పిల్లల ఆరోగ్యం... మీరు చూశారుగా మేడమ్?"

"చూశాను. బాగున్నారు."

ఫోను ఒక పచ్చ గుర్తు చూపించి, ఫిర్యాదు పరిష్కారమైందని చెప్పింది. పుల్లమ్మ అందరికీ రెండోసారి టీ పోసింది.

పదిహేను రోజుల తర్వాత ఖాతూన్ బీ పేరిట ఆరోగ్య శాఖ నుంచి ఒక ఉత్తరం వచ్చింది: ఏడుగురు పిల్లలకూ పోలియో చుక్కలు వేయించి, ఆ కార్డులు వెంటనే చూపించాలని.